కందకము నుండి కమతమునకు

కరీంనగరము జిల్లా చొప్పదండి పరిసర గ్రామములలో పుట్టినవానికి ఊరు విడిచిపోవుట వింత కాదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఉత్తర తెలంగాణమున ప్రతి నోటను నానిన మాట మూడు దిక్కులను, మూడు తరముల బ్రతుకుదెరువును ఒక్క ఊపిరిలో చెప్పివేయుచున్నది. ఈ మూటిలో ఎక్కడికి పోయినను పోయినవాడు ఏనాటికైనను తిరిగివచ్చుననియు, వచ్చునపుడు కొంత సొమ్మును కొంత దగ్గును వెంట దెచ్చుననియు ఇంటివారికి ముందే తెలియును, అందుచేత వారు అతని రాకకు సిద్ధపడియే యుందురు. నాలుగవ త్రోవ యొకటి కలదు. అది పటాలమునకు బోవు త్రోవ. ఆ త్రోవను పోయినవాడు సొమ్ము పంపునని తెలియును గాని, వచ్చునపుడు మరియేమి తెచ్చునో, తెచ్చినదానిని ఇంటిలో ఎక్కడ దింపవలెనో మన యూళ్లకు నేటికిని సరిగా తెలియదు. ఆ త్రోవలో మిక్కిలి కఠినమైన మజిలీ కందక యుద్ధము. అది సైనికుని ఎట్లు మార్చును, మారినవాడు తిరిగి కమతమునకును కాపురమునకును ఎట్లు అలవాటుపడును, ఈ విషయమై లోకమున పండితులు ఏమనిరి, మన దక్కనులో జరిగినదేమి అన్నవి ఇందు నేను పరిశీలింపదలచిన విషయములు.

కందకములు త్రవ్వి పోరాడుట మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైన 1914 కు ముందు లేకపోలేదు. క్రిమియాలోని సెవాస్తోపోలు ముట్టడియందును, అమెరికా అంతర్యుద్ధము తుదిదినములందును, 1904-05 లో రష్యా జపానులు మంచూరియాలో పోరాడినప్పుడును సైనికులు మట్టిలో తలదాచుకొనిరి. అయినను 1914 చివరినాటికి ఉత్తర సముద్రము మొదలు స్విట్జర్లాండు సరిహద్దు వరకు సుమారు 700 కిలోమీటర్ల పొడవున ఇరుపక్షములును భూమిలోనికి దిగిపోయి, మరతుపాకులును ముళ్లతీగలును ముందుకు సాగనీయక, ఫిరంగులు నిలిచినచోట నిలువనీయక, మూడేండ్లకు పైగా అటు నిటు కొన్ని క్రోసులు మాత్రమే కదలిన ఆ స్థితి మానవచరిత్రయందు అపూర్వము. పూర్వపు యుద్ధములో సిపాయి నడచుటలో అలసెడివాడు, పోరున చచ్చెడివాడు, పోరు ముగిసిన రాత్రి నిద్రించెడివాడు. కందకములోని సిపాయికి నడకయు లేదు, ముగింపును లేదు.

ఆ బ్రతుకును కొంచెము దగ్గరగా చూడవలెను. కందకమును తిన్నగా త్రవ్వరు. నాలుగు బారల కొక మలుపు పెట్టుదురు, ఏలన గుండు ఒకచోట పడినయెడల దాని తునుకలు ఆ మలుపును దాటి పోరాదు. నిలువెత్తు లోతు, ఇద్దరు ఒరసికొని పోగల వెడల్పు, శత్రువుకు ఎదురైన గోడ అడుగున ఎక్కి నిలుచుటకు ఒక మెట్టు, గోడపై ఇసుక బస్తాల వరుస, కాళ్ల క్రింద చెక్కపలకలు, పలకల క్రింద నీరు. తెల్లవారకముందు ఒక గంటయు ప్రొద్దుగ్రుంకువేళ ఒక గంటయు అందరును తుపాకులు పట్టి ఆ మెట్టుపై నిలువవలెను, దాడులు ఆ మసకవెలుతురులోనే వచ్చును గనుక. పగలు తల పైకెత్తిన చావు. కావున పగలు కునుకు, రాత్రి పని. ముళ్లతీగ బిగించుట, బస్తాలు నింపుట, కూలిన గోడను మరల కట్టుట, నీళ్లును రొట్టెలును మోసికొనివచ్చుట, ఇరుపక్షముల నడిమి బీటిలో పడియున్నవారిని ఈడ్చుకొనివచ్చుట, అన్నియు చీకటిలోనే. అంగీ కుట్లలో పేలు చేరును. సిపాయిలు కొవ్వొత్తి మంటను కుట్ల వెంట నడిపి వానిని చిటపట కాల్చెడివారు. ఆ పేల వలననే వచ్చు జ్వరమునకు కందకజ్వరమని పేరే యేర్పడెను. దినములకొలది చలినీటిలో నానిన పాదములు మొదట తిమ్మిరెక్కి, పిదప వాచి, పిదప నల్లబడి కుళ్లెడివి. దానికి మందుగా తిమింగలపు నూనె యిచ్చి, ఎవరి పాదములకు వారు రుద్దుకొందురను నమ్మకము లేక, సిపాయిలను జంటలుగా జేసి ఒకడు రెండవవాని పాదములకు రుద్దవలెనని బ్రిటిషు సేనలో ఏర్పాటు చేసిరి. తన ఊరిలో అన్నదమ్ముని పాదములనైనను ముట్టియెరుగని యువకుడు పరాయివాని మడమలను ప్రతిరాత్రియు ఒడిలో బెట్టుకొని తోముట ఎట్టి బంధమును కల్పించునో, ఆ జంటవాడు మరునాడు కూలినపుడు మిగిలినవానికి ఎట్టి వెలితి కలుగునో ఏ సైనిక నిబంధనావళియు వ్రాసియుండలేదు. కందక జీవితమున స్పర్శకు గల స్థానమును గూర్చి శంతను దాస్ 2005 లో ఒక గ్రంథమే వెలువరించెను. నా యెరుకలో ఈ విషయమై వచ్చిన పుస్తకములలో మిక్కిలి మానవీయమైనది అదియే.

ఇక పండితుల వాదములు. 1915 ఫిబ్రవరిలో ఛార్లెస్ మయర్సను వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో షెల్ షాకు అను పేరుతో కొందరు రోగులను వర్ణించినపుడు, గుండు ప్రేలుటవలన మెదడునకు తగిలిన దెబ్బయే దీనికి మూలమని తలచిన వారనేకులు. అయితే గుండు దరిదాపులకే పోనివారు కూడ మాట పడిపోయి, చూపు పోయి, చేతులు వణకుచు ఆసుపత్రులకు రాసాగిరి. అప్పుడు సేనాధిపతులలో పిరికితనమను మాట వినవచ్చెను. బ్రిటిషు సేన యుద్ధకాలమున పలాయనము, పిరికితనము మొదలగు నేరములకై కాల్చి చంపిన 306 మందికి క్షమాపణ లభించుటకు 2006 వరకు ఆగవలసివచ్చెను. 1922 లో బ్రిటిషు ప్రభుత్వమునకు నివేదిక సమర్పించిన సౌత్‌బరో సంఘమునకు రోగముకంటె రోగనామమే ఎక్కువ బాధ కలిగించినట్లు తోచును, ఆ పేరునే వాడుకనుండి తొలగింపుమని చెప్పెను. పేరు తీసివేసిన పింఛను బాధ తగ్గునను లెక్క ప్రభుత్వములకు నాడును కలదు, నేడును కలదు.

ఈ వైద్యులలో మన దక్షిణాదికి పరిచితుడొకడు గలడు. నీలగిరులలో తోడా జనుల నడుమ నివసించి 1906 లో వారినిగూర్చి బృహద్గ్రంథము ప్రకటించిన డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్సే, యుద్ధకాలమున స్కాట్లండులోని క్రెయిగ్‌లాకర్టు ఆసుపత్రిలో మనస్సు చెదరిన సైన్యాధికారులకు చికిత్స చేసెను. మరచిపొమ్మని రోగికి హితవు చెప్పుట హానికరమనియు, జరిగినదానిని మాటలలో పెట్టనిచ్చి వినుటయే చికిత్సయనియు అతడు నిర్ణయించెను. అతని పరిశీలనలలో మరియొకటి నాకు మిక్కిలి విలువైనదిగా కనబడుచున్నది. విమానమును తానే నడుపు వైమానికునికంటె, త్రాటికి కట్టిన బెలూనులో కదలక కూర్చుండి శత్రువును కనిపెట్టు పరిశీలకునికి మనోవ్యాధి ఎక్కువ. ఇద్దరికిని ప్రాణాపాయము కలదు. కాని మొదటివానికి చేతిలో పని కలదు, రెండవవానికి ఎదురుచూపు తప్ప పని లేదు. ఎరిక్ లీడ్ 1979 లో ప్రకటించిన గ్రంథమున ఈ సూత్రమును కందకములకు అన్వయించి, భయముకంటె నిశ్చలతయే సైనికుని విరిచివేసెననియు, 1918 లో సేనలు మరల కదలినపుడు ఈ వ్యాధులు తగ్గుముఖము పట్టెననియు వాదించెను. దీనితో పూర్తిగా ఏకీభవింపని వారున్నారు. టోనీ యాష్‌వర్తు 1980 లో చూపినట్లు, అనేక కందకములలో ఇరుపక్షముల సిపాయిలు నోటిమాట లేని ఒడంబడిక చేసికొని, భోజనవేళ కాల్పులు మాని, నియమితవేళలందు నియమితస్థలములందు మాత్రమే గుండ్లు వేసికొనుచు, ‘నీవు బ్రతుకుము, నన్ను బ్రతుకనిమ్ము’ అన్నట్లు కాలము గడిపిరి. అనగా ఆ బిలములలోను మనుష్యుడు తన బ్రతుకుపై రవ్వంత అధికారమును సంపాదించుకొనుటకు పాటుపడెను. నా దృష్టిలో యాష్‌వర్తు లీడును ఖండించుటలేదు, బలపరచుచున్నాడు: ఆ రవ్వంత అధికారము దక్కినచోట మనసు నిలిచినది, దక్కనిచోట చెదరినది. కందకములలో వైద్యుడుగా పనిచేసి అనంతరము చర్చిలుకు సొంత వైద్యుడైన లార్డు మోరాన్ 1945 లో ధైర్యమును బ్యాంకు నిలువతో పోల్చి, ప్రతివానికిని కొంత మూలధనమే యుండును, ఖర్చుపెట్టుచుపోయిన ఎంతటివాడైనను దివాలా తీయును అని చెప్పినది ఎల్లరికిని తెలిసినదే. ఆ పోలికలో లోపమేమనగా, దివాలా తీసినవానికి ఊరిలో ఎవరు అప్పు పుట్టించవలెనో అతడు చెప్పలేదు.

ఇప్పుడు దక్కనునకు వచ్చెదము. 1914 సెప్టెంబరు 26 న భారతీయ సేన మార్సేల్సు రేవున దిగెను. ఆ యుద్ధమున మొత్తముమీద 13 లక్షలకు పైగా భారతీయులు సేవచేసిరి, 74 వేలకు పైగా మరణించిరి. ఫ్రాన్సుకు పోయినవారు సుమారు లక్షా నలువదివేలు. అందు హైదరాబాదు కంటింజెంటు సంప్రదాయమున వచ్చిన 20వ డెక్కను హార్సు పటాలమొకటి. అశ్వికులుగా బయలుదేరిన ఆ దక్కను ముసల్మానులును జాట్లును సిక్కులును ఫ్రాన్సులో గుర్రములను వెనుక విడిచి వంతులవారీగా కందకములలో కాలాళ్లవలె కూర్చుండవలసివచ్చెను. 1916 జులై 14 సాయంకాలమున సోమ్ యుద్ధములో హైవుడ్ అను తోపు దగ్గర ఈ పటాలము, 7వ డ్రాగను గార్డ్సుతో కలిసి, ఈటెలు ధరించి గుర్రములపై దుమికినది చరిత్ర పుస్తకముల కెక్కినది. ఆ ఒక్క సాయంకాలమునకు ముందు వెనుకల కందకములలో గడచిన నెలలు మాత్రము ఏ పటమునకును ఎక్కలేదు. నిజాము స్వంత సైన్యమగు హైదరాబాదు లాన్సర్లు ఈజిప్టునకు పోయి సూయెజు కాలువను కాచిరి, తరువాత పాలస్తీనాలో పోరాడిరి. మైసూరు, జోధ్‌పూరు, హైదరాబాదు అశ్వికుల స్మారకముగా ఢిల్లీలో నిలిచిన మూడు విగ్రహములలో ఒకటి వారిది. హైదరాబాదు నగరమున మాసాబ్ ట్యాంకు దగ్గరి ఫస్టు లాన్సరు పేటకు ఆ పేరు వచ్చినదీ లాన్సర్ల పటాలమువలననే, కాని ఆ పేటలో అద్దెయిల్లు వెదకువానికి ఇది ఎవ్వరును చెప్పరు.

ఈ పటాలములలో కరీంనగరపు రైతుబిడ్డలకు దాదాపు చోటు లేకుండెను. దక్షిణాదివారు, అందు తెలుగువారు, యుద్ధమునకు పనికిరారని పందొమ్మిదవ శతాబ్దము చివరిపాదమున లార్డు రాబర్ట్సు మొదలగు సేనానులు నిర్ణయించి, వీరజాతులని కొన్నిటిని ఏర్పరచి, అంతకు నూరేండ్లపూర్వము తమకు రాజ్యము గెలిచిపెట్టిన తెలుగు సిపాయిలను ఇంటికి పంపిరి. 1905 లో ఎల్గందుల జిల్లా పేరు మారి కరీంనగరమైన నాటికి ఈ పల్లెలలోని పడుచువాండ్రకు ఫ్రాన్సు గాని కందకము గాని కలలోని మాటయైనను కాదు. యుద్ధము వారిని మరియొక త్రోవను వెదకికొనివచ్చెను. నిజాము రాజభక్తి నిరూపణకై విమానముల దళమునకే సొమ్మిచ్చెను, 110వ స్క్వాడ్రనునకు హైదరాబాదు పేరు పెట్టిరి. ఆ సొమ్ము శిస్తు రూపమున ఎక్కడినుండి వచ్చినదో వేరుగ చెప్పనక్కరలేదు. 1918 లో వానలు తప్పెను, ధాన్యపు ధరలు మండిపోయెను, అదే యేడు బొంబాయి రేవున దిగిన ఓడలతో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా దేశమున కోటికి మించిన జనమును మ్రింగెను. ఫ్రాన్సునుండి, బస్రానుండి బ్రతికి వచ్చిన దక్కను సిపాయి ఇల్లు చేరునప్పటికి అతనికి యుద్ధకథ చెప్పుటకు వినువాడు లేడు. అతడు చూచినన్ని శవములను ఊరును చూచియుండెను.

మనవారి మనస్సులోనిదానిని తెలిసికొనుటకు గల సాధనములు స్వల్పము. ఫ్రాన్సులోని సిపాయిల ఉత్తరములను సెన్సారు అధికారులు తెరచి చదివి, కొన్నిటిని అనువదించి దాచిరి. డేవిడ్ ఒమిస్సీ 1999 లో వానిని సంకలనముగా ప్రకటించెను. సెన్సారు కన్ను గప్పుటకు ఒకానొక సిపాయి నల్లమిరియాలు అయిపోవచ్చినవి, ఇప్పుడు ఎర్రమిరపకాయలు వాడుచున్నారని వంటింటి సంగతివలె వ్రాసెను. నల్లవి మనవారు, ఎర్రవి తెల్లవారు. ఈ చాతుర్యమును చదివి నవ్వవచ్చును, కాని ఇంటికి వ్రాయు ఉత్తరములో నిజమును ఇట్లు మూటగట్టి పంపుట అలవాటైనవాడు ఇంటికి వచ్చిన పిమ్మటనైనను మూట విప్పగలడా అన్నది ఆలోచింపవలసిన విషయము. చేతికి గాయమై వచ్చిన సిపాయిలను చూచి, వీరు కందకమునుండి తప్పించుకొనుటకై తమంతట తామే కాల్చుకొనిరని అధికారులు అనుమానించిరి. 1915 లో బ్రైటను ఆసుపత్రిలో కర్నలు బ్రూస్ సీటను వేయి గాయములను పరీక్షించి ఆ అనుమానమునకు ఆధారము లేదని తేల్చెను. వేయి గాయములను కొలిచినవారు వేయిమంది నిద్రలను కొలువలేదు. తెల్ల అధికారులకు క్రెయిగ్‌లాకర్టు, నల్ల సిపాయికి అనుమానము: చికిత్స వర్ణభేదమును పాటించెను, వ్యాధి పాటింపలేదు.

తిరిగివచ్చినవారు సమాజమును ఏమి చేసిరను ప్రశ్నపై రెండు పక్షములు గలవు. కందకములలో చావునకు అలవాటుపడినవారు ఆ క్రౌర్యమును ఇంటికి దెచ్చి రాజకీయములనే క్రూరముగ మార్చిరని, జర్మనీ నుదాహరించి జార్జి మోసె 1990 లో వాదించెను. ఫ్రాన్సులోని మాజీ సైనికుల సంఘములను శోధించిన ఆంత్వాన్ ప్రో దీనికి భిన్నముగా, వారిలో అత్యధికులు యుద్ధద్వేషులై, పింఛనుకొరకును శాంతికొరకును ఒకే గొంతుతో అడుగుచు బ్రతికిరని చూపెను. ఒకే బురదలో నాలుగేండ్లు కూర్చుండినవారు రెండు దేశములలో రెండు విధములుగా మారుటకు కారణము బురద కాజాలదు. గెలిచిన దేశము, ఓడిన దేశము. పని దొరికినది, దొరకనిది. ఊరు గౌరవించినది, గౌరవింపనిది: కందకములో ఆరంభమైన మార్పు ఏ రూపము దాల్చునో నిర్ణయించునవి ఇవియే.

మన దేశమునందును దీనికి నిదర్శనములు కలవు. పంజాబు సిపాయికి కాలువల క్రింది క్రొత్త భూములు దొరకెను. సైనికుల సంక్షేమమునకై 1919 సెప్టెంబరులో ఇండియన్ సోల్జర్సు బోర్డు ఏర్పడెను; నేటి కేంద్రీయ సైనిక్ బోర్డునకును, కరీంనగరములోని సైనిక సంక్షేమ కార్యాలయమువంటి జిల్లా కార్యాలయములకును మూలమదే. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము దరినున్న మాధవరమును అందరును మిలటరీ మాధవరమందురు. రెండు ప్రపంచయుద్ధములకును బిడ్డలను పంపి, నేటికిని పంపుచునే యున్న ఊరది, పోయినవారికి ఊరిలోనే స్మారకము గలదు. అట్టి ఊరిలో సెలవుపై వచ్చిన జవానుకు ప్రక్కింటివాడును జవానే, మేనమామయు జవానే. రాత్రి ఉలికిపడి లేచుట అచట పిచ్చి కాదు, వంశమున ఎరిగిన సంగతి. చొప్పదండి పల్లెలలో అట్లు గాదు. ఊరికొకడు, ఇద్దరు. వారిని ‘మిలటరీ ఆయన’ అందురు, గౌరవింతురు, పెండ్లిండ్లకు క్యాంటీను సీసా అడుగుదురు, అంతటితో ఆగుదురు.

స్వతంత్ర భారతమున కందకము పోలేదు, పేరు మార్చుకొన్నది. కాశ్మీరులోని నియంత్రణరేఖ పొడవు సుమారు 740 కిలోమీటర్లు, అనగా 1914 నాటి పశ్చిమరంగమునకు దాదాపు సమానము. దాని వెంట బంకర్లలో ఏండ్ల తరబడి ఎదురెదురు కూర్చుండుట మన జవానులకు నిత్యవృత్తి. 1984 ఏప్రిలునుండి సియాచిను మంచుపై కావలియున్నవారిలో తూటాలకంటె చలికిని మంచుపెళ్లలకును బలియైనవారే యెక్కువ. 2003 నవంబరు నాటి కాల్పుల విరమణ కొన్నియేండ్లు నిలిచి, తరువాత చెడి, 2021 ఫిబ్రవరిలో మరల ఒప్పందమునకు వచ్చినది. ఈ రేఖపై గడపిన జవాను పదునైదేండ్ల సేవకు పింఛనునకు అర్హుడై, ముప్పదియైదు నలువదియేండ్ల నడుమ, ఇంకను సగము బ్రతుకు మిగిలియుండగానే ఇల్లు చేరును. నల్లని రేకుపెట్టె, దానిపై తెల్లరంగుతో తన సంఖ్యయు పేరును. అందు మడత చెడని యూనిఫారము, డిశ్చార్జి బుక్కు, పతకముల డబ్బా. ఆ పెట్టెను పడకగదిలో మంచము క్రిందికి త్రోయుదురు. తరువాత బ్యాంకులో తుపాకి పట్టిన కాపలా ఉద్యోగమో, తండ్రి వదలిన రెండెకరముల వరి పొలమో, కిరాణా దుకాణమో. సంవత్సరమునకొకమారు నవంబరులో తాను బ్రతికియున్నట్లు ధ్రువపత్రము నీయవలెను. 2014 నుండి వేలిముద్రతోనే అది ముగియుచున్నది. ఎట్లు బ్రతికియున్నాడో తెలుపు గడి ఆ పత్రమున లేదు, ఉండవలెనని నేను పట్టుబట్టను. ప్రభుత్వములు అడుగదగిన ప్రశ్న అది కాదు. ఇంటిలోను, కులములోను, ఛాయ్ హోటలు బల్లమీదను అడుగవలసిన ప్రశ్న.

అడిగెడు నేర్పు మనకు తక్కువ. కరీంనగరము చుట్టును నల్లరాతి గుట్టలు. టాన్ బ్రౌన్ అను పేరున విదేశములకు పోవు గ్రానైటు ఇచ్చటిదే. క్వారీలో తూటా ప్రేలినపుడు పల్లెవాండ్రు తల కూడ త్రిప్పరు, అది గడియారపు గంట. బంకరునుండి వచ్చినవాడు కుర్చీనుండి నేలమీదికి వాలిపోవచ్చును, లేదా అంతకంటె కష్టమైన పని చేయవచ్చును, అనగా కదలక కూర్చుండి పండ్లు బిగించి నవ్వవచ్చును. ఇట్టివానికి వైద్యుని దగ్గరకు పొమ్మని ఎవ్వరు చెప్పినను, తెలంగాణమున ఆ మాటకు ఎర్రగడ్డకు పొమ్మన్న అర్థమే వచ్చును. హైదరాబాదులోని మానసిక చికిత్సాలయము ఆ పేట పేరుతో ఎగతాళిగా మారిపోయినది. 1980 లో అమెరికా మనోవైద్యులు, వియత్నాము యుద్ధమునుండి వచ్చినవారిని చూచి, పి.టి.ఎస్.డి. (ఆఘాతానంతర మనోవ్యాధి) అను వ్యాధికి తమ గ్రంథమున చోటిచ్చిరి. అటుతరువాత పటాలపు ఆసుపత్రులకు చికిత్సామార్గము తెలిసినది, చొప్పదండి సంతకు తెలియలేదు. త్రాగుడు తెలిసినది. మిలటరీ వాడు త్రాగకుండునా యని ఊరు ముందే మన్నించివేయును, ఆ మన్నింపే అతనికి శత్రువు.

2022 జూనులో వచ్చిన అగ్నిపథమను సైనిక నియామక పథకముతో ఈ లెక్క మరియు కురుచయైనది. నాలుగేండ్ల కొలువు, అందు నూటికి ఇరువదియైదుగురికే కొనసాగింపు, మిగిలినవారికి సుమారు 11 లక్షల 71 వేల సేవానిధి, పింఛను లేదు. దీనిని నిరసించుచు అదే నెల 17 న సికింద్రాబాదు రైల్వేస్టేషనులో జరిగిన అలజడిలో వరంగల్లు ప్రాంతపు యువకుడొకడు పోలీసు కాల్పులకు బలియయ్యెను. చేరకముందే ఒకడు పోయినాడు. ఇరువదిమూడు, ఇరువదినాలుగేండ్ల వయస్సున తిరిగివచ్చు అగ్నివీరుడు పెండ్లికి తగినవాడు, పనికి తగినవాడు, నేర్చుకొనుటకు తగినవాడు అన్నది నిజమే. సేనలో పదునైదేండ్లున్నవానికి పటాలమే రెండవ ఊరు, పాతమిత్రులే రెండవ కులము. నాలుగేండ్లవానికి ఆ ఊరు పూర్తిగా కట్టబడదు, ఈ ఊరు సగము మరచిపోవును.

నేటి తెలంగాణపు బిడ్డలు నేరుగా 1914 నాటివంటి కందకయుద్ధమును చవిచూచినది మాత్రము మన సేనలో గాదు. 2022 లో రష్యా యుక్రెయినుపై దండెత్తిన పిదప, ఐరోపాలో నూరేండ్లనాటి దృశ్యము మరల వచ్చెను. ఈ పర్యాయము తలపై డ్రోను నిరంతరము తిరుగుచుండుటచే కందకమునుండి నీటికై వెలుపలికి వచ్చుటయు దుర్లభమయ్యెను. రష్యాలో సహాయకుల ఉద్యోగములు, మంచి జీతము అని యూట్యూబులో ప్రకటించి, దుబాయిలోను ఇతరత్రను ఉండు ఏజెంట్లు పంపిన యువకులలో హైదరాబాదు, నారాయణపేట వాసులును గలరు. పోయినవెంటనే రష్యాభాషలోని ఒప్పందముపై సంతకము, కొన్నిదినముల శిక్షణ, తరువాత రంగము. కందకములు త్రవ్వించిరి, మందుగుండు మోయించిరి, తుపాకి చేతికిచ్చిరి. హైదరాబాదు యువకుడొకడు చనిపోయినట్లు 2024 మార్చిలో మాస్కోలోని భారత రాయబార కార్యాలయము ధ్రువపరచెను. నారాయణపేట యువకుడు ఆ సెప్టెంబరులో ఇల్లు చేరెను, తోడివాడు డ్రోను దెబ్బకు కూలుట కన్నులార చూచి వచ్చెను. 2025 జనవరిలో భారత విదేశాంగశాఖ చెప్పిన లెక్కప్రకారము ఇట్లు రష్యా సేనలో చేరిన భారతీయులు 126 మంది, తిరిగివచ్చినవారు 96, మరణించినవారు 12, జాడ తెలియనివారు 16.

వీరి వృత్తాంతమును చదివినపుడు రాధికా సింఘా 2020 నాటి గ్రంథము జ్ఞప్తికి వచ్చును. మొదటి ప్రపంచయుద్ధమున ఆయుధము పట్టినవారితోపాటు లక్షలాది కూలీలు, మోతగాండ్రు, వంటవాండ్రు, జైళ్లనుండి తీసికొనిపోబడిన ఖైదీలు గలరనియు, పోరాడువాడు ఎవడు పనివాడు ఎవడు అను గీత కాగితముమీద తప్ప రంగమున నిలువదనియు ఆమె నిరూపించెను. యుక్రెయినుకు పోయిన మనవాడు సిపాయియా, కూలీయా? పోవునపుడు కూలీ, అచట సిపాయి, తిరిగివచ్చునపుడు మోసపోయిన వలసదారు. ప్రభుత్వము అతనిని రప్పించుటకు పాటుపడినది, ఏజెంట్లపై సి.బి.ఐ. 2024 మార్చిలో కేసు పెట్టినది, ఇవి మెచ్చదగినవి. కాని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము మన సేనలో పనిచేసినవారిది, అందులో అతనికి ఖాతా లేదు. గల్ఫులో మరణించినవారి కుటుంబములకు తెలంగాణ ప్రభుత్వము 2024 లో ప్రకటించిన 5 లక్షల సహాయము గల్ఫుకే పరిమితము, పైగా చచ్చినవానికే. వియత్నాము తరువాత అమెరికా తన సైనికులకు చేసినదానిలో కొంతయైనను ఇతనికి ఎవరు చేయవలెను? రష్యా అతనికి జీతము నిచ్చినది గాని అతని నిద్రకు పూచీపడలేదు. మన పటాలపు ఆసుపత్రికి అతడు పరాయి సిపాయి.

నక్సలైటులై అడవికి పోయి తిరిగివచ్చినవారి సంగతి వేరొక వ్యాసమునకు తగినది. 1978 లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలితప్రాంతములని ప్రకటించినప్పటినుండి కరీంనగరపు పల్లెలలో తుపాకి పట్టి పోయినవారును, వారిని వెదకిన పోలీసులును అనేకులు. ఇరువురికిని కావలిరాత్రులును, తోడివాని చావును, ఒక్క కంటితో నిద్రయు తెలియును. లొంగిపోయినవారికి పునరావాసమను పేరున సొమ్మును భూమియు నిచ్చు పద్ధతి యేర్పడినది, వారి మాట వినుట మాత్రము ఆరాతీయుటగా మొదలై ఆరాతీయుటగానే ముగిసినది. రివర్సు చెప్పిన వినుటయు, ఠాణాలో వినుటయు ఒక్కటి కావు.

నాకు తోచినంతవరకు చేయదగిన పని పెద్దదేమియు కాదు. సైనిక సంక్షేమ కార్యాలయమునకు నెలకొకమారు మనోవైద్యుడొకడు వచ్చి కూర్చుండుట, అచటికి వచ్చుటకు ఎర్రగడ్డ పేరు అడ్డురాకుండ పింఛను, క్యాంటీను, మాజీ సైనికుల ఆరోగ్యపథకమగు ఇ.సి.హెచ్.ఎస్. పనులతోపాటే అదియు జరుగుట. గల్ఫు బాధితులకై జగిత్యాల, నిజామాబాదు, కరీంనగరములలో పనిచేయు సంఘములు యుక్రెయినునుండి వచ్చినవానిని గూడ తమ వానిగా లెక్కించుట. ఒక్క ఊరి మిలటరీ ఆయనకు పొరుగూరి మిలటరీ ఆయన తెలియునట్లు మండలమునకొక కూడిక ఏర్పడుట. మాధవరమునకు దైవవశమున దొరకినది చొప్పదండికి ప్రయత్నమున దొరకవలెను. ఏజెంట్లు ఈ ప్రయత్నమునకై ఆగరు. రష్యాలో ఉద్యోగములు అను వీడియోలు పోయి మరియొక దేశపు పేరుతో వచ్చుచున్నవి, బొగ్గుబాయి మూతపడి, దుబాయి జీతము తగ్గిన పడుచువాడు వానిని రాత్రిళ్లు ఫోనులో చూచుచున్నాడు.